బడి కొలనులో కలువలు: నీలం మొగ్గలు నల్లబడుతున్నాయి, ఎరుపు విచ్చుకోవడమే లేదు

సైన్సుమాస్టారు_ఖమ్మం | జులై 6, రాత్రి 8:50
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. దాతలు ఇచ్చిన డబ్బుతో బడి ముందు చిన్న సిమెంటు కొలను కట్టించాం. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. మధ్యలో ఫౌంటెన్ ఉంది, కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. అందులో నీలం కలువ, ఎర్ర కలువ వేశాం. ఆకులకేం లోటు లేదు, బాగానే వచ్చాయి. సమస్య పూలతోనే. నీలం కలువకి మొగ్గలు వస్తాయి, నీళ్లలో ఉండగానే సగం నల్లబడి మెత్తగా అయిపోతాయి, మిగిలినవి పూసినా బొటనవేలంత పూలు. ఎర్రదానికి మొగ్గలు ఎంత పెద్దవో! కానీ పొద్దున ప్రేయర్ టైంకి కాస్త విచ్చుకున్నట్టు కనిపిస్తాయి, రెండో పీరియడ్ అయ్యేసరికి ముడుచుకుపోతాయి. ఏదో తెగులు అనుకుంటున్నాను. నీళ్లు కూడా ఆకుపచ్చగా అయిపోయాయి, అడుగు కనపడటం లేదు. పైగా పిల్లల తల్లిదండ్రులు దోమలని గొడవ పెడుతున్నారు. హెచ్‌ఎం గారు పూడ్చేద్దామా అంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.

డాబాతోట | జులై 6, రాత్రి 9:15
మాస్టారూ, పూడ్చకండి ప్లీజ్. కొన్ని వివరాలు కావాలి. రోజుకి ఎండ ఎన్ని గంటలు పడుతుంది? మొక్క కుండీలో ఉందా, నేరుగా అడుగున మట్టిలో ఉందా? ఏ మట్టి? ఎరువు ఏం వేశారు? చేపలున్నాయా?

సైన్సుమాస్టారు_ఖమ్మం | జులై 6, రాత్రి 9:40
ఎండ పొద్దున్నించి పదకొండు వరకు బాగా పడుతుంది, తర్వాత వేపచెట్టు నీడ. మొక్కలు ప్లాస్టిక్ బకెట్లలో పెట్టి అడుగున దింపాం. మట్టి అంటే వర్మి కంపోస్టు, కొబ్బరి పొట్టు, కాస్త ఎర్రమట్టి. ఒక విద్యార్థి తండ్రి రైతు, ఆయన డీఏపీ ఎరువు ఇస్తే జూన్‌లో ఒక గుప్పెడు నీళ్లలో చల్లాం. చేపలు గప్పీలు, నాలుగైదు గోల్డ్‌ఫిష్. వంటావిడ బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి మంచివని అప్పుడప్పుడూ కొలనులో కూడా పోస్తుంది. మధ్యాహ్నం పిల్లలు చేపలకని అన్నం మెతుకులు వేస్తారు, వద్దన్నా వినరు.

చేపలబాబు_భీమవరం | జులై 6, రాత్రి 10:05
మాస్టారూ, మీరు చేసింది అచ్చంగా మేం చెరువుల్లో చేసేదే 😀 మేం చేపల చెరువుకి డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వేసేదే నీళ్లు పచ్చబడాలని. నీళ్లు పచ్చబడితే ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, పెరుగుతుంది, అది చేపకి మేత. మాకది లాభం, మీకు తలనొప్పి. నీళ్లలో కలిసిన ఎరువు కలువకి అందే లోపే నాచు తినేస్తుంది. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం, ఎనిమిదడుగుల తొట్టికి గుప్పెడు అంటే మామూలు విషయం కాదు. బియ్యం కడుగు, మెతుకులు కూడా అదే ఖాతాలో పడతాయి.

ఇంకోటి, చేపలు బతికున్నాయంటే మీ అదృష్టం. నీళ్లు అంత పచ్చగా ఉంటే మధ్యాహ్నం మూడు నాలుగింటికి పీహెచ్ (నీటి క్షారగుణం కొలత) తొమ్మిది దాటుతుంది. అంత పీహెచ్‌లో డీఏపీలోంచి వచ్చే అమ్మోనియా విషమవుతుంది. తెల్లవారుజామున ఇంకో గండం. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తాగుతుంది కాబట్టి నాలుగు అయిదింటికి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, మీ వాచ్‌మన్‌ని అడగండి, చూసే ఉంటాడు.

గోదారి_గట్టు | జులై 6, రాత్రి 10:30
కడియపులంకలో నర్సరీ పని చేస్తానండి, నీటి మొక్కలు చాన్నాళ్లుగా చూస్తున్నా. మీ ఎర్ర కలువకి ఏ తెగులూ లేదు మాస్టారూ. అది రాత్రి పూసే రకం. పొద్దుగూకాక విచ్చుకుంటుంది, తెల్లారి తొమ్మిది పది వరకు ఉండి ముడుచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు ఇంకాస్త ఆలస్యంగా ముడుచుకుంటుంది. మీ బడి గంటలు, దాని గంటలు కలవడం లేదు, అంతే.

అనుమానం ఉంటే ఆకు చూడండి. అంచంతా రంపపు పళ్లలా ఉండి, వెనక చేత్తో తడిమితే సన్నటి నూగు తగిలితే అది రాత్రి కలువే. ఆకు కూడా రాగి ఛాయలో ఉంటుంది. నీలం కలువ మాత్రం పగటిది, పొద్దున ఎనిమిది తొమ్మిదికి విచ్చుకుని మూడు నాలుగింటికి ముడుచుకుంటుంది.

అమ్మమ్మతోట | జులై 7, ఉదయం 6:20
చంద్రుణ్ణి కలువలరేడు అనేది ఊరికే కాదు నాయనా. మా ఊరి చెరువులో ఎర్రవి, తెల్లవి అన్నీ రాత్రే పూసేవి. తెల్లారి ఎద్దులు కడగడానికి వెళ్లేవాళ్లకే వాటి అందం తెలిసేది. కాడ ఒక వైపు విరిచి తోలు వదిలేసి, ఇంకో వైపు విరిచి, అలా పేనుకుంటూ పోతే పువ్వే బిళ్లగా దండ అయ్యేది. ఇప్పటి పిల్లలకి అది వచ్చా?

సైన్సుమాస్టారు_ఖమ్మం | జులై 7, రాత్రి 8:10
ఆకు వెనక నూగు ఉంది! వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తే "రోజూ రాత్రి పూస్తయి గద సార్, మీకు తెల్వదా" అన్నాడు. వీడియో పంపాడు, అరచేతి కంటే పెద్ద పూలు నాలుగున్నాయి. ఇన్నాళ్లూ రోజూ పక్కనించి నడుస్తూ కూడా ఒక్కరం చూడలేదు. చంద్రుడి మాట నిజమేనా మరి? పిల్లలు అడుగుతారు.

డాబాతోట | జులై 7, రాత్రి 8:45
అమావాస్య రోజు కూడా పూస్తుంది మాస్టారూ, చంద్రుడితో పని లేదు. వెలుతురు తగ్గాక విచ్చుకునేలా చేసేది దాని లోపలి గడియారమే. పగటి కలువలేమో సూర్యుడి పార్టీ. కవులకి రాత్రి రకమే నచ్చినట్టుంది.

ఇక నీలం సంగతి. నాకు కనిపిస్తున్న తప్పులు చాలా ఉన్నాయి, వరసగా కాకుండా ముఖ్యమైనవి ముందు చెప్తా. ఫౌంటెన్. కలువకి కదలని నీళ్లు కావాలి. ఆకుల మీద రోజంతా నీళ్లు పడుతుంటే ఆకు కుళ్లుతుంది, మొగ్గ పైకి రాదు. ఈ ఒక్కటీ ఆపితేనే మీకు తేడా తెలుస్తుంది. తర్వాత లోతు. చిన్న మొక్కని రెండున్నర అడుగుల అడుగున పెడితే దాని బలమంతా ఆకు కాడ పైకి పొడిగించడానికే సరిపోతుంది. బకెట్ కింద ఇటుకలు పేర్చి, మొక్క మొదలు మీద జానెడు నీళ్లు ఉండేలా చూడండి. బాగా అల్లుకున్నాక ఒక్కో ఇటుక తీసి దించుకోవచ్చు, అడుగున్నర దాకా ఫర్వాలేదు.

మట్టి విషయంలో ఒక్క మాట, కొబ్బరి పొట్టు నీళ్లలో తేలుతుంది, వర్మి కంపోస్టు కరిగి నీళ్లు పాడు చేస్తుంది. డాబా మీద కుండీలకి అవి బంగారం, కొలనులో దండగ. బంకమట్టి కావాలి.

గోదారి_గట్టు | జులై 7, రాత్రి 9:20
అక్క చెప్పింది కరెక్టు. బకెట్ కూడా మార్చేయండి మాస్టారూ. కలువకి లోతు కంటే వెడల్పు ముఖ్యం, వెడల్పుగా ఉండే బేసిన్ కావాలి, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ఎనిమిది పది అంగుళాల లోతు చాలు. చిల్లులు అక్కర్లేదు. మీ వైపు చెరువు పూడిక మట్టి దొరుకుతుంది కదా, అది తెచ్చి బాగా ఎండలో ఆరబెట్టి వాడండి, లేకపోతే నత్త గుడ్లు, గడ్డి గింజలు కూడా వచ్చేస్తాయి. అడుగున రెండు దోసిళ్లు బాగా మాగిన పశువుల ఎరువు, దాని మీద మట్టి, పైన ఒక అంగుళం గులకరాళ్లు. గోల్డ్‌ఫిష్ మట్టి తవ్వకుండా ఆ రాళ్లే కాపాడతాయి. మొక్క కొన మాత్రం రాళ్ల కింద పూడిపోకూడదు.

కొత్తమొక్క | జులై 7, రాత్రి 9:50
పచ్చి పేడ వేయొచ్చా అండి? మా ఇంట్లో గేదెలున్నాయి, మాగేదాకా ఎవరు ఆగుతారు.

గోదారి_గట్టు | జులై 7, రాత్రి 9:55
వద్దు తమ్ముడూ. నీళ్ల కింద అది పులిసి గాలి బుడగలు వస్తాయి, వేర్లు కాలిపోతాయి, కంపు వేరే.

పచ్చతోట_నల్గొండ | జులై 7, రాత్రి 10:30
ఇంత గోల ఎందుకండీ, మైలుతుత్తం కొంచెం కలిపితే నాచు రెండు రోజుల్లో పోతుంది. మా బావి నీళ్లకి వేస్తాం.

చేపలబాబు_భీమవరం | జులై 7, రాత్రి 10:50
అన్నా, నాచు పోతుంది, నిజమే, దాంతో పాటు చేపలు కూడా పోతాయి. మైలుతుత్తంలో ఉండేది రాగి, అది చేపకి విషం, నీళ్లలో కఠినత్వం ఎంత తక్కువ ఉంటే అంత ఎక్కువ విషం. చేప తట్టుకున్నా, ఒకేసారి చచ్చిన నాచు కుళ్లడానికి ఉన్న ఆక్సిజన్ అంతా తినేస్తుంది. ఆ నాచులోని ఎరువు మళ్లీ నీళ్లలోకే వస్తుంది, మళ్లీ పచ్చబడుతుంది. పైగా అది పిల్లలు చేతులు పెట్టే కొలను.

నా సలహా ఇది. మూడోవంతు నీళ్లు తోడి మొక్కలకి పోయండి, మంచి ఎరువు నీళ్లు అవి. కొత్త నీళ్లు పట్టండి. కుళాయి నీళ్లయితే ఒక రోజు డ్రమ్ముల్లో నిలవ ఉంచి పోయండి, క్లోరిన్ పోవాలి. వారం ఆగి ఇంకో మూడోవంతు. బియ్యం నీళ్లు, మెతుకులు బంద్. ఆకులు నీటి మీద సగానికి పైగా పరుచుకుని ఉంటే కింద వెలుతురు తగ్గి నాచు తానే తగ్గుతుంది. అన్నట్టు ఫౌంటెన్ పగలు ఆపేయమన్నారు కదా, దాన్ని తెల్లవారుజామున మూడు నించి ఆరు దాకా టైమర్ పెట్టి నడపండి. చేపకి ఊపిరి అప్పుడే కావాలి, కలువకి అప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు.

పచ్చతోట_నల్గొండ | జులై 8, ఉదయం 7:05
సరే బాబూ, చేపలుంటే వద్దులే. ఉత్త కలువ తొట్లకి మాత్రం నేను వేస్తాను.

సైన్సుమాస్టారు_ఖమ్మం | జులై 8, రాత్రి 9:00
అందరికీ ధన్యవాదాలు. మరి ఎరువు అసలు వేయొద్దా? వేపచెట్టు కొమ్మలు కొట్టమంటారా? దోమల గురించి కూడా చెప్పండి, సోమవారం తల్లిదండ్రుల మీటింగ్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

డాబాతోట | జులై 8, రాత్రి 9:35
ఎరువు తప్పకుండా వేయాలి, కలువ తిండిపోతు. కానీ మట్టిలోకి. డీఏపీ ఒక టీస్పూన్ కాగితంలో గట్టిగా చుట్టి, లేదా బంకమట్టి ముద్దలో పెట్టి ఆరబెట్టి, మొదలుకి నాలుగు వేళ్ల దూరంలో మట్టిలో లోతుగా వేలితో గుచ్చి మూసేయండి. నెలకోసారి, పూసే కాలంలో మాత్రమే. మీ నీళ్లు ఇప్పుడే పచ్చగా ఉన్నాయి కాబట్టి ఈ నెల ఏమీ వద్దు. డిసెంబర్, జనవరిలో చలికి మొక్క మందగిస్తుంది, అప్పుడు వేస్తే మిగిలేది నాచే.

చెట్టు కొట్టకండి. కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, మీకు పదకొండు వరకే ఉందంటే తక్కువే కానీ, రెండు పెద్ద కొమ్మలు పల్చన చేసినా సరిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో మీ ఖమ్మం ఎండకి మధ్యాహ్నం నీడ వరమే.

చేపలబాబు_భీమవరం | జులై 8, రాత్రి 10:10
ఒక హెచ్చరిక. వేప పిండి మంచిదని ఎవరైనా చెప్పినా చేపలున్న చిన్న కొలనులో వేయకండి. ఇప్ప పిండి అసలే వద్దు. చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి మేం వేసేది అదే.

దోమల సంగతి: గప్పీలు ఉన్న కొలనులో దోమ పిల్లలు పెద్దగా బతకవు. మీటింగ్‌లో తల్లిదండ్రుల ముందే ఒక గ్లాసుతో నీళ్లు ముంచి చూపించండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది చేపలు లేని కూలర్లలో, డ్రమ్ముల్లో, పాత టైర్లలో. నన్నడిగితే బడి వెనక పడున్న సామాను ముందు చూడమంటాను. గంబూసియా అనే దోమల చేప తెచ్చుకోమని ఎవరైనా చెప్తారు, దోమల్ని బాగా తింటుంది కానీ గోల్డ్‌ఫిష్ తోకలు కొరుకుతుంది, వానకి కొలను పొంగితే చెరువులోకి పోయి అక్కడి చేపల్ని పీక్కుతింటుంది. గప్పీలు చాలు. తూనీగ పిల్లలు కూడా దోమ పిల్లల్ని తింటాయి, అందుకే కొలనులో పురుగుమందు కొట్టొద్దు.

ప్రవాసి_డల్లాస్ | జులై 9, ఉదయం 8:30
మాకు ఇక్కడ నవంబర్ వస్తే పగటి, రాత్రి కలువల దుంపలు తీసి తడి ఇసుకలో, పదమూడు డిగ్రీల దగ్గర, గరాజ్‌లో దాస్తాం. నీళ్లలోనే వదిలేస్తే చలికి పోతాయి. చలి తట్టుకునే రకాలు మాత్రం కొలను అడుగునే ఉంటాయి, వాటికి దుంప అడ్డంగా అల్లం కొమ్ములా పాకుతుంది, పువ్వు నీటి మీదే తేలుతుంది, మన వాటిలా కాడ మీద నిలబడదు. టెక్సాస్‌లోనే శాన్ ఏంజెలో అనే ఊళ్లో పార్కు కొలనుల్లో ప్రపంచం నలుమూలల కలువలు పెంచుతారు, చూసి తీరాలి. అక్కడ ఒక నీలం పువ్వు దగ్గర నిలబడి మా అమ్మ "ఇది మన చెరువుదే కదరా" అంది.

మాస్టారూ, సైన్సు చెప్తారు కాబట్టి ఇది పిల్లలకి చూపించండి. నీలం కలువ మొదటి రోజు పువ్వు మధ్యలో చిన్న గిన్నెలా నీళ్లుంటాయి, కొంచెం తీపి. ఆ రోజు పువ్వు ఆడది. వేరే పువ్వు మీంచి పుప్పొడితో వచ్చిన తేనెటీగ జారి అందులో పడితే పుప్పొడి కడుక్కుపోయి కీలాగ్రానికి అంటుతుంది, పాపం తేనెటీగ ఒక్కోసారి మునిగి చస్తుంది కూడా. రెండో రోజు నించి ఆ నీళ్లుండవు, పుప్పొడి రాలుతుంది. మూడు నాలుగు రోజులయ్యాక పువ్వు నీళ్లలోకి వంగిపోతుంది.

సైన్సుమాస్టారు_ఖమ్మం | జులై 9, రాత్రి 8:15
ఇది పదో తరగతికి రేపే చూపిస్తాను. వాడిన పూలు తీసేయాలా, ఉంచాలా?

గోదారి_గట్టు | జులై 9, రాత్రి 8:40
తీసేయాలండి. తల ఒక్కటే తుంచితే కాడ నీళ్లలో కుళ్లుతుంది. చెయ్యి లోపలికి పెట్టి కాడ మొదటి దాకా వెళ్లి గిల్లేయాలి. పసుపెక్కిన ఆకులు కూడా అంతే. అన్నీ తీసేస్తే మొక్క బలం కొత్త మొగ్గలకి పోతుంది. పిల్లల కోసం ఒక కాయ ఉంచండి, నీళ్ల కిందే పండి పగులుతుంది, గింజలు ముందు తేలి తర్వాత మునుగుతాయి.

సైన్సుమాస్టారు_ఖమ్మం | ఆగస్టు 24, రాత్రి 9:10
అప్‌డేట్. బేసిన్‌లో పూడిక మట్టి వేసి మార్చాం, ఇటుకల మీద పెట్టాం, ఫౌంటెన్ తెల్లవారుజామునే నడుస్తోంది. నీళ్లు పూర్తిగా తేటపడలేదు కానీ చేపలు కనిపిస్తున్నాయి. నీలం మొగ్గలు నల్లబడటం ఆగింది, పువ్వు అరచేతిలో సగం ఉంటోంది. తల్లిదండ్రుల మీటింగ్‌లో గ్లాసు పరీక్ష పనిచేసింది, పూడ్చే మాట పోయింది.

కొత్త సమస్య: ఆకుల్లో ఎవరో కత్తెరతో కోసినట్టు కోలగా ముక్కలు పోతున్నాయి. లేత కాడల మీద నల్లటి పేను కూడా ఉంది.

డాబాతోట | ఆగస్టు 24, రాత్రి 9:45
పేనుబంకకి గొట్టంతో నీళ్లు జోరుగా కొట్టండి, నీళ్లలో పడ్డవి గప్పీలు తినేస్తాయి. వేపనూనె, సబ్బు నీళ్లు కొలనులో వద్దు, నీటి మీద తెట్టు కడుతుంది. కోత మాత్రం ఒక రెక్కల పురుగు పిల్లది. ఆకు ముక్క కోసి దాని కింద అతుక్కుని తేలుతూ తిరుగుతుంది. నీటి మీద తేలే ఆకు ముక్కలన్నీ ఏరేస్తే పురుగులూ పోతాయి. ఆకు వెనక గుడ్లు కనిపిస్తే వేలితో నలిపేయండి. పిల్లలకి పందెం పెట్టండి, గంటలో ఖాళీ చేస్తారు.

అమ్మమ్మతోట | ఆగస్టు 25, ఉదయం 6:00
చవితికి రెండు నీలం పూలు కోసుకోవచ్చా? మా ఇంట్లో కోస్తే పూజ మధ్యలోనే ముడుచుకుపోతాయి.

డాబాతోట | ఆగస్టు 25, ఉదయం 7:30
మొదటి రోజు పువ్వుని, పూర్తిగా విచ్చుకున్నాక కోయండి పెద్దమ్మా. రేకుల మొదట్లో, వెనక ఉన్న ఆకుపచ్చ రేకుల మొదట్లో కూడా కరిగించిన కొవ్వొత్తి మైనం ఒక్కో చుక్క వేస్తే అవి ముడుచుకోలేవు. పూలు అలంకరించేవాళ్లు చేసే పని ఇది.

సైన్సుమాస్టారు_ఖమ్మం | ఆగస్టు 25, రాత్రి 8:20
మా ఆడపిల్లలు బతుకమ్మ మీద పెట్టుకోవడానికి అడుగుతున్నారు. తంగేడు, గునుగు మధ్య కలువ కావాలట. నీలం అయితే ఆట మొదలయ్యే వేళకి ముడుచుకుంటుంది కదా?

గోదారి_గట్టు | ఆగస్టు 25, రాత్రి 8:50
ఎర్రది ఇవ్వండి మాస్టారూ, సరిగ్గా బతుకమ్మ ఆడే టైంకి విచ్చుకునేది అదే. ముందు రాత్రి పూసిన పువ్వుని పొద్దున పొడవు కాడతో కోసి, బకెట్ నీళ్లలో నీడలో ఉంచమనండి, పొద్దుగూకితే మళ్లీ విచ్చుకుంటుంది.

సైన్సుమాస్టారు_ఖమ్మం | ఆగస్టు 28, రాత్రి 7:40
పూలు బాగా వస్తున్నాయి, కోతులకీ తెలిసిపోయింది. ఆదివారం బడి లేనప్పుడు దిగి మొగ్గలన్నీ పీకి, తిని, ఒక బేసిన్ బోర్లించి పోయాయి. చిన్న తరగతుల పిల్లలు పడతారన్న భయం ఎటూ ఉంది కాబట్టి పైన ఇనుప మెష్ వేయిద్దామనుకుంటున్నాం. వెల్డింగ్ అతను నీటికి నాలుగంగుళాల పైన బిగిస్తానంటున్నాడు.

గోదారి_గట్టు | ఆగస్టు 28, రాత్రి 8:00
నాలుగంగుళాలు చాలదు! మన కలువల కాడలు నీటి మీద అడుగు దాకా లేస్తాయి, మొగ్గ మెష్‌కి తగిలి వంగి అక్కడే విరుగుతుంది. అడుగున్నర ఎత్తు పెట్టించండి, నాలుగు మూలలా కాళ్లు ఇచ్చి. ఒక పక్క తలుపులా తెరుచుకునేలా చేయించుకోండి, లేకపోతే వాడిన పువ్వు తీయాలన్న ప్రతిసారీ మొత్తం ఎత్తాలి. మెష్ కన్ను చిన్నదిగా ఉండాలి, లేకపోతే కోతి చెయ్యి దూరుతుంది.

సైన్సుమాస్టారు_ఖమ్మం | ఆగస్టు 28, రాత్రి 8:15
రేపు పొద్దున్నే అతనికి ఫోన్ చేసి చెప్తాను. తలుపుకి తాళం గడియ కూడా పెట్టించమంటాను, మా తొమ్మిదో తరగతి వాళ్ల చేతులు కోతుల కంటే చురుకు.